చక్రపాణి గారి కొత్త డ్రైవర్

ఆ ఆదివారం పొద్దున చక్రపాణి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి కూర్చుని, కంప్యూటర్‌లో కొత్తగా బిగించిన గ్రాఫిక్స్ కార్డుకు డ్రైవర్ ఎక్కించాలి. ఎనిమిదిన్నరకు పెసరట్టు తినాలి. తొమ్మిదింటికల్లా తెర మీద గిరగిరా తిరిగే ఘనాన్ని చూసుకుని, మీసం లేకపోయినా ఒకసారి దువ్వుకోవాలి.

చక్రపాణిది తెనాలి దగ్గర పల్లెటూరు. పన్నెండేళ్ళుగా దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో లైనక్స్ చెబుతున్నాడు. బస్టాండు ఎదురు సందులో కింద జిరాక్సు షాపు, మధ్యలో బ్యూటీ పార్లర్, ఆ పైన ఆయన. "లైనక్స్‌లో తప్పులుండవు, మనకు చదవడం రాదు, అంతే" అని ప్రతి బ్యాచ్‌కూ మొదటి రోజే చెబుతాడు. ఎవరైనా సందేహం అడిగితే "మాన్యువల్ చదువుకో" అంటాడు. ఆ మాన్యువల్ ఆయన చదివాడా అని ఎవరూ అడగలేదు. అడిగితే అదీ సందేహమే కనుక దానికీ అదే జవాబు వచ్చేది.

అయితే శుక్రవారం నాడు కోచింగ్ సెంటర్ యజమాని ప్రసన్నకుమార్ ఆయన్ని గదిలోకి పిలిచాడు.

"చక్రపాణి గారూ, మీ బ్యాచ్‌లో ముగ్గురున్నారు. వాళ్ళలో ఒకడు ఏసీ కోసం వస్తున్నాడని నాకు అనుమానం. సోమవారం డెమో పెడుతున్నాం. ఏదైనా కళ్ళు చెదిరేది చూపించండి. జనం చేరకపోతే ఆ గదిలో స్పోకెన్ ఇంగ్లీషు పెట్టేస్తాను. కావాలంటే మీరూ అందులో చేరొచ్చు."

టీచరుగానా, విద్యార్థిగానా అనేది ప్రసన్నకుమార్ చెప్పలేదు. చక్రపాణి అడగలేదు.

తెలంగాణ రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలై అప్పటికి ఇరవై రోజులు. బస్సులు డిపోలు దాటి రెండు వారాలైంది. బడులు మూతపడ్డాయి. కోచింగ్ సెంటర్లు మాత్రం షట్టర్ సగం దించి, వంగి లోపలికి రాగలిగినవాళ్ళకు చదువు చెబుతున్నాయి. హాస్టళ్ళలో ఉండే పిల్లలు ఎలాగూ నడిచే వస్తారు. వాళ్ళ కళ్ళు చెదరాలంటే తెర మీద నాలుగు డెస్క్‌టాపులు ఒక ఘనంలా అతుక్కుని గింగిరాలు తిరగాలి. అందుకు కార్డు కొన్నాడు. దాని డ్రైవర్‌ను కోచింగ్ సెంటర్ నెట్‌లో దింపుకుని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాడు.

"ఇప్పుడు బాగానే పనిచేస్తోంది కదండీ, దాన్నెందుకు కదపడం?" అంది భార్య అమల. ఆమె ప్రైవేటు బడిలో లెక్కల టీచరు. బడి లేక ఇంట్లోనే ఉంది.

"పనిచేయడం వేరు అమలా, పూర్తి సామర్థ్యంతో పనిచేయడం వేరు."

"మీ గురించి మా నాన్నగారు పెళ్ళికి ముందు సరిగ్గా ఇదే అన్నారు" అని ఆమె పెసలు రుబ్బడానికి వెళ్ళిపోయింది.

కంప్యూటర్‌లో డ్రైవరంటే స్టీరింగు పట్టుకునే మనిషి కాదు. ఒక్కో పరికరంతో పనిచేయించే చిన్న ప్రోగ్రాము. చక్రపాణి కంప్యూటర్‌లో లైనక్స్‌తో పాటే వచ్చిన పాత డ్రైవర్ ఒకటి ఉంది. అది నెమ్మదస్తురాలు, ఎవరినీ ఏమీ అనకుండా తెరను నడుపుకుపోతోంది. కార్డు కంపెనీవాళ్ళ కొత్త డ్రైవర్ మహా చురుకైనదే కానీ, పాతది సీటు దిగితేనే తాను ఎక్కుతుంది. అందుకని పాతదాని పేరును బ్లాక్‌లిస్టు అనే ఒక ఫైలులో రాయాలి. అందులో పేరు పడితే అది మళ్ళీ లేవదు.

చక్రపాణి రాశాడు. కొత్త డ్రైవర్‌ను ఎక్కించాడు. మధ్యలో తెర మీద ఇంగ్లీషులో ఏవో నాలుగు లైన్లు వచ్చి "సరేనా?" అని అడిగాయి. చదవకుండానే సరే అన్నాడు. మళ్ళీ అడిగాయి. ఇంకాస్త గట్టిగా సరే అన్నాడు. కంప్యూటర్ ఆగి మళ్ళీ మొదలైంది. తెర నల్లగా వచ్చింది. పై మూలన చిన్న తెల్లగీత ఒకటి మిణుకుమిణుకుమంటూ ఉంది. ఎనిమిదీ ఇరవై అయింది.

పదింటికి కూడా గీత మిణుకుమంటూనే ఉంది. పెసరట్టు చల్లారి అప్పడమైంది. అప్పుడే కరెంటు పోయింది. సింగరేణిలో బొగ్గు తవ్వేవాళ్ళు కూడా సమ్మెలో ఉన్నారు కనుక అది ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

చీకటి గదిలో చక్రపాణికి చెమట పట్టింది. కార్డు వచ్చిన అట్టడబ్బా మీది నంబరు చూసి, దిల్‌సుఖ్‌నగర్‌లో అది కొన్న షాపుకు ఫోన్ చేశాడు. "డ్రైవర్ సీడీ పంపించండి బాబూ, ఎవరిచేతనైనా" అని బతిమాలాడు. పంపుతామన్నారు. కానీ వాళ్ళు గంట అంటే పూట అని ఆయనకు తెలుసు. ఇక ఒకే దారి మిగిలింది. సంధ్యారాణి.

సంధ్యారాణిది తుర్కయంజాల్. నాలుగేళ్ళ క్రితం ఆయన దగ్గరే లైనక్స్ నేర్చుకుంది. ఇప్పుడు బెంగుళూరులో పెద్ద కంపెనీలో అదే పని చేస్తోంది. ఆమెను సాయం అడగడమంటే చక్రపాణికి ప్రాణం పోయినట్టే. అందుకే వేరే రకంగా అడగాలని నిశ్చయించుకున్నాడు. అమల చెవిన పడకూడదని డాబా మీదికి వెళ్ళాడు.

ఎల్బీనగర్ రింగురోడ్డు వెనక కాలనీలో ఆ ఇల్లు భిక్షపతిది. కింద వాటాలో తానుంటూ మీది వాటా చక్రపాణికి కిరాయికిచ్చాడు. భిక్షపతిది చౌటుప్పల్ దగ్గరి ఊరు. హయత్‌నగర్ డిపోలో పదహారేళ్ళుగా బస్సు డ్రైవరు. సమ్మె మొదలైనప్పటి నుంచి రోజూ పొద్దున డిపో గేటు ముందు కూర్చుని వచ్చి, తర్వాత నలుగురైదుగురు తోటివాళ్ళతో ఇంటిముందు రేకుల షెడ్డు కింద చాయ్ తాగుతూ కూర్చుంటున్నాడు. ఆ రోజుల్లో వాళ్ళందరినీ పట్టి పీడిస్తున్న భయం ఒక్కటే. సర్కారు ఎక్కణ్ణుంచో ప్రైవేటు డ్రైవర్లను తెచ్చి బస్సులు నడిపిస్తుందని.

డాబా మీద భిక్షపతి భార్య అండాలమ్మ బియ్యం ఆరబోస్తోంది. చక్రపాణి ఆమెను చూశాడు గానీ పట్టించుకోలేదు.

"హలో సంధ్యా, నేను చక్రపాణి సార్‌ని. చెప్పినవి గుర్తున్నాయో లేదోనని ఊరికే చేశాను."

"చెప్పుండ్రి సార్. ఏం ఖరాబైంది?"

"ఖరాబవడం ఏంటమ్మా! ఇది పరీక్ష. ఒకాయన కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టుకున్నాడనుకో. తెర నల్లగా అయిపోయింది. ఏం చేయాలి?"

"పాత డ్రైవర్‌ను బ్లాక్‌లిస్ట్‌ల వెట్టిండా సార్ ఆయన?" గొంతు ముక్కలు ముక్కలుగా వినిపిస్తోంది. ఫోన్‌లో గొంతు సరిగ్గా వినబడకపోతే తాను అరవాలని నమ్మేవాళ్ళలో చక్రపాణి ఒకడు.

"పాత డ్రైవర్‌నా? పొద్దున్నే బ్లాక్‌లిస్టులో పెట్టేశాను! ఇంక జన్మలో లేవడు!"

అండాలమ్మ చెయ్యి బియ్యంలో ఆగిపోయింది.

"రూట్‌గ లాగిన్ అయితున్నదా సార్?" అని అడిగింది సంధ్యారాణి. లైనక్స్‌లో సర్వాధికారాలూ ఉన్న ఖాతాను రూట్ అంటారు.

"రూట్ నా చేతిలోనే ఉంది! రూట్ పర్మిషన్ ఉన్నవాణ్ని ఎవడాపుతాడు?"

"మల్ల కెర్నల్ ఏమంటున్నది?" కెర్నల్ అంటే ఆ వ్యవస్థకంతటికీ గుండెకాయ.

"కెర్నల్‌తోనే పేచీ! కొత్త డ్రైవర్ని రానివ్వనంటోంది కెర్నల్!"

"కార్డు ఏ బస్ మీద ఉన్నదో జూసిన్రా?" కార్డు కూర్చునే తీగల దారికి కంప్యూటర్ వాళ్ళు పెట్టిన పేరు బస్.

"బస్ నంబరా? రాసుకున్నా! ఒకటో నంబరు! కరెంటు రాగానే డ్రైవర్లను మొత్తం మళ్ళీ లోడ్ చేసేస్తా!"

"సార్, నేనైతే ఏం జేస్తనంటె" అని ఆమె మొదలుపెట్టేలోపు చక్రపాణి ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది. ఆయన ఫోన్‌ను చెవిమీంచి తీసి, దాన్ని కూడా ఒక విద్యార్థిని చూసినట్టు చూసి, కిందికి వెళ్ళిపోయాడు.

అండాలమ్మ బియ్యం వదిలేసి ఒక్క ఉదుటున మెట్లు దిగింది.

"ఓ అయ్యా, ఇన్నవా? మీది సారు ఫోన్ల ఏం మాట్లాడుతుండో ఎరుకేనా? పాత డ్రైవర్లను బ్లాక్‌లిస్ట్‌ల వెట్టిండంట! రూటు ఆయన చేతులనే ఉన్నదంట! కరెంట్ రాంగనే కొత్త డ్రైవర్లను లోడుకు లోడు దింపుతడంట!"

షెడ్డు కింద చాయ్ గ్లాసులు గాల్లో ఆగిపోయాయి.

"సారా? ఆయన గసొంటోడు గాదే" అన్నాడు భిక్షపతి. "మొన్న నా సెల్‌ఫోన్ బాగుజేసిండు."

"బాగైందా?" అని అడిగాడు తిరుపతి. అతను అదే డిపోలో మెకానిక్, సమ్మె కమిటీకి కన్వీనరు. మైకు లేకపోయినా మైకు ముందు నిలబడినట్టే మాట్లాడతాడు.

"కాలే. గని జేసుడైతే జేసిండు."

"గదే నేను జెప్పేది! అండాలక్కా, ఇంకేమన్నడు?"

"కర్నల్ అన్నడు. కర్నల్ రానిస్తలేడంట, ఆయనతోని పేచీ వడ్డదంట."

తిరుపతి లేచి నిలబడ్డాడు. "కర్నలంటె ఎవలు? మిలిటరీ! మిలిటరీ డ్రైవర్లను దింపుతున్నరు భాయ్! బస్ నంబర్ గూడ అన్నడా?"

"ఒకటో నంబరంట."

"అంటె మొదలు మన డిపోనే!"

అక్కడి నుంచి ఆ సంగతి చక్రపాణి కంప్యూటర్ కంటే ఎన్నో రెట్లు వేగంగా నడిచింది. తిరుపతి మూడు డిపోలకు ఫోన్ చేశాడు. హయత్‌నగర్‌కు చేరేసరికి ఒక కర్నలు, ఒక లోడు. నాగోల్‌కు చేరేసరికి ఇద్దరు కర్నళ్ళు, నలభై మంది డ్రైవర్లు. చింతల్‌కుంట చెక్‌పోస్టు దగ్గర చాయ్ బండివాడు ఆ లారీలను కళ్ళతో చూశానని చెప్పాడు. పదకొండున్నరకు ఒక లోకల్ కేబుల్ ఛానెల్‌లో "ఎల్బీనగర్‌లో మిలిటరీ డ్రైవర్లు?" అని అడుగున ఎర్రపట్టీ పరుగెత్తింది. అందులో ఆ ప్రశ్నార్థకం ఒక్కటే నిజం.

వార్త సమ్మె చేసేవాళ్ళ దగ్గరికే పోతుందన్న నియమం లేదు. డ్రైవర్లను తీసుకుంటున్నారని, ఇంటి గుర్తులతో సహా పని లేనివాళ్ళ దగ్గరికీ పోయింది. పన్నెండు కాకముందే మీది వాటా తలుపు ఎవరో తట్టారు. అమల తీసింది. నలభై ఏళ్ళ మనిషి, చేతిలో ప్లాస్టిక్ కవరు.

"మేడమ్, డ్రైవర్ కోసం ఒచ్చిన. గీడనేనా?"

అప్పుడే కరెంటు వచ్చింది. చక్రపాణి నల్లతెర ముందు కూర్చుని, తల తిప్పకుండానే లోపలి నుంచి అరిచాడు. "ఆ, ఆ! షాపు నుంచి వచ్చాడు! నేనే రమ్మన్నాను. కూర్చోబెట్టు! సీడీ తెచ్చాడా?"

"సీడీ తేలే సార్, జిరాక్స్ తెచ్చిన!" అన్నాడు ఆ మనిషి.

"జిరాక్స్ ఏంటి, మాన్యువల్ జిరాక్సా? మంచిదే! ఉండమను, ముందున్నది తీసేశాక చూద్దాం!"

ముందున్నవాణ్ని తీసేస్తున్నారని వినగానే ఆ మనిషి ముఖం వెలిగింది. అదృష్టం కొద్దీ సరైన సమయంలోనే వచ్చాననుకుని కుర్చీలో సర్దుకున్నాడు. పది నిమిషాలకు ఇంకో ఇద్దరు వచ్చారు. తర్వాత ఇంకొకడు, మొలతాడులా నడుముకు తువ్వాలు చుట్టుకుని. పన్నెండున్నరకు హాల్లో తొమ్మిది మంది ఉన్నారు. చెప్పులు మెట్ల దాకా వచ్చాయి. అమల లెక్కల టీచరు కనుక ఒక సీడీ తేవడానికి తొమ్మిది మంది అవసరం లేదని ఆమెకు తోచింది.

"ఏమయ్యా, మీరందరూ ఏ షాపు నుంచి?" అని అడిగింది.

"షాపా? ఏం షాపు మేడమ్? నాది హెవీ లైసెన్స్. పదేండ్లు టిప్పర్ నడిపిన" అన్నాడు మొదట వచ్చినవాడు. "నా పేరు లచ్చయ్య."

అమల ఏదో అనబోయేలోపు ఆమె ఫోన్ మోగింది. ప్రసన్నకుమార్.

"ఏమ్మా, చక్రపాణి గారి ఫోన్ కలవట్లేదు. డ్రైవర్ల బిజినెస్ ఎప్పుడు పెట్టారు ఆయన? టీవీలో మీ గేటు చూపిస్తున్నారు. అది సరే గానీ, మా కారు డ్రైవరు నాలుగు రోజులుగా రావడం లేదు. ఒకణ్ని పంపమని చెప్పమ్మా. మిలిటరీవాడు కాకపోయినా పర్లేదు."

అమల ఫోన్ పెట్టేసి కిటికీ దగ్గరికి వెళ్ళి కిందికి చూసింది. గేటు ముందు యాభై మంది ఉన్నారు. తొమ్మిది మంది లైసెన్సులు పట్టుకుని పైకెక్కడం వాళ్ళలో కొందరు చూశారు. తిరుపతి గోడెక్కి నిలబడి ఉన్నాడు. "ప్రైవేటు డ్రైవర్లు!" అంటున్నాడు. "గో బ్యాక్!" అంటున్నారు జనం. కేబుల్ ఛానెల్ కెమెరా ఒకటి జనాన్ని, అండాలమ్మను, డాబా మీద ఆరబోసిన బియ్యాన్ని కూడా తీస్తోంది.

"ఏమండీ" అంది అమల, చాలా నెమ్మదిగా. "ఆ గీత చూసింది చాలు. ఇటు రండి."

చక్రపాణి కిటికీలోంచి చూశాడు. ఆయనకు మొదట తోచింది, డెమోకి ఒకరోజు ముందే జనం వచ్చారని. రెండో ఆలోచన రాకముందే తలుపు దగ్గర భిక్షపతి నిలబడి ఉన్నాడు. వెనక తిరుపతి, ఆ వెనక మెట్ల నిండా మనుషులు.

భిక్షపతి అరవలేదు. అరిచి ఉంటే చక్రపాణికి ఇంత ఇబ్బంది అయ్యేది కాదు.

"సార్, ఏడేండ్ల సంది మా ఇంట్ల ఉంటున్నరు. ఒక్కనాడన్న మిమ్ముల పరేషాన్ జేసిన్నా? పదారేండ్ల నౌకరీ నాది. ఇరవై దినాల సంది ఇంట్ల ఎట్ల ఎల్లుతున్నదో అమలమ్మకు ఎరుకే. జర ఒక్కటే జెప్పుండ్రి. ఆ బ్లాక్‌లిస్ట్‌ల నా పేరున్నదా?"

ఇన్నేళ్ళలో చక్రపాణిని ఇంత సూటిగా ఎవరూ సందేహం అడగలేదు. మాన్యువల్ చదువుకోమని చెప్పే వీలూ లేదు.

"అయ్యయ్యో, భిక్షపతి గారూ! ఆ డ్రైవరు వేరు, మీరు వేరు. నేను తీసింది కార్డు డ్రైవర్ని."

"ఏం కార్డు?" అన్నాడు తిరుపతి. "యూనియన్ కార్డా?"

"గ్రాఫిక్స్ కార్డండీ. కంప్యూటర్‌లోది. కెర్నల్ అంటే కర్నల్ కాదు, అది లోపల ఉంటుంది."

"లోపలుంచిన్రా కర్నల్‌ను?" మెట్ల మీద గగ్గోలు లేచింది. నలుగురు మంచం కింద చూశారు.

"మీరింక మాట్లాడకండి" అంది అమల. "నోరు తెరిస్తే ఇంకో పదిమంది పోగవుతారు. భిక్షపతి అన్నా, మీరే వచ్చి చూడండి. ఏదున్నా ఆ తెర మీదే ఉంది."

అందరూ కంప్యూటర్ గదిలోకి తోసుకున్నారు. కరెంటు వచ్చాక తప్పెక్కడుందో వెతుకుతూ చక్రపాణి రప్పించిన తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు నల్లతెర మీద బారులు తీరి ఉన్నాయి. ఐటీఐ చదివినవాడు కనుక తిరుపతి ముందుకొచ్చి ఒక్కో మాటా వేలుపెట్టి చదివాడు.

"గిదిగో, డ్రైవర్. గిదిగో, రూట్. గిదిగో, బస్! సాఫ్ రాసున్నది. గిది కెర్నల్. ఓయమ్మ, బ్లాక్‌లిస్ట్ అని గూడ రాసుకున్నడు!"

చక్రపాణి మీద నేరారోపణ అంతా ఆయన సొంత కంప్యూటరే తన నోటితో చెప్పింది. సాక్ష్యం అంత పక్కాగా ఏ కోర్టులోనూ దొరకదు.

"బ్లాక్‌లిస్ట్‌ల ఎవరి పేరున్నది?" అని ఆత్రంగా అడిగాడు భిక్షపతి.

తిరుపతి కళ్ళు చికిలించాడు. "నౌ... నౌవే... నువ్వో? ఎవడు సార్ గీడు? ఏ డిపో?"

"నూవో అండీ. ఆ పాత డ్రైవర్ పేరు. ఫ్రెంచి మాట."

"మనోళ్ళనే గాదు, ఫ్రెంచోన్ని గూడ పనిల నుంచి తీసిన్రా!"

భిక్షపతి మాత్రం ఊపిరి పీల్చుకున్నాడు. జాబితాలో ఉన్నది ఒక్క పేరే. అది తనది కాదు. ఆ ఊరట ముఖంలో కనిపించేసరికి చక్రపాణికి ఎందుకో సిగ్గేసింది. పొద్దుటి నుంచి తాను కంగారుపడింది తెర మీద తిరిగే ఒక బొంగరం కోసం. ఈయన ఇందాకటి నుంచి ఉద్యోగం పోయిందనుకుని నిలబడి ఉన్నాడు.

తిరుపతి ఇంకా చదువుతూనే ఉన్నాడు. "సార్, గీడ ఇంకోటి రాసున్నది. దిస్ డ్రైవర్... డజ్ నాట్ సపోర్ట్... దిస్ కార్డ్. అంటె ఏంది? గీ డ్రైవర్ గీ కార్డుకు పనికిరాడనే గద?"

చక్రపాణి కళ్ళజోడు సరిచేసుకుని ఆ లైను చూశాడు. పొద్దున రెండుసార్లు తాను సరే అన్న లైను అదే. దింపుకొచ్చింది వేరే కార్డు డ్రైవరు.

"అది... మామూలుగా అందరూ చదవరండీ" అన్నాడు.

అప్పటికి తిరుపతికి సంగతి సగం అర్థమైంది. మిలిటరీ లేదు, లారీలు లేవు, ఉన్నది చెడిపోయిన పెట్టె ఒకటి. అయితే మిగతా సగం కూడా అతనికి బాగా అర్థమైంది. గేటు దగ్గర కెమెరా ఉంది. యాభై మంది ఎండలో నిలబడి ఉన్నారు. ఉత్త చేతులతో కిందికి దిగితే రేపటి నుంచి కన్వీనరు ఎవరో చెప్పలేం. దానికి తోడు హాల్లో కూర్చున్న తొమ్మిది మందిలో మొదటి కుర్చీలో లచ్చయ్య కనిపించాడు. లచ్చయ్య తిరుపతికి స్వయానా బావమరిది.

"నువ్వేంరా గీడ?"

"టీవీల జూసి ఒచ్చిన బావా. మిలిటరీల తీస్కుంటున్నరంటే..."

తిరుపతి ఆ మాట వినిపించనట్టు గిర్రున తిరిగి గొంతు పెంచాడు. "సార్! గా మాటలన్ని మాకెందుకు? డ్రైవరంటె డ్రైవరే! లోపలోడైనా, బయటోడైనా, ఫ్రెంచోడైనా. మాది ఒక్కటే డిమాండ్. కొత్త డ్రైవర్ దిగిపోవాలె! పాత డ్రైవర్‌ను బ్లాక్‌లిస్ట్‌ల కెల్లి తీసి డ్యూటీలకు తీస్కోవాలె! బేషరతుగ! గిప్పుడే!"

"డ్యూటీలకు తీస్కోవాలె!" అని మెట్ల మీద నుంచి అందుకున్నారు. హాల్లో కూర్చున్న తొమ్మిది మంది కూడా, ఎటైనా పనికొస్తుందని, పిడికిలెత్తారు. అందరికంటే గట్టిగా అరిచింది లచ్చయ్య.

"అలా చేస్తే కార్డు పూర్తి సామర్థ్యంతో పనిచేయదండీ" అని గొణిగాడు చక్రపాణి.

"చేస్తారా, వాళ్ళచేత చేయించమంటారా?" అంది అమల.

చక్రపాణి కూర్చున్నాడు. పదిహేను జతల కళ్ళు ఆయన వేళ్ళ మీద ఉన్నాయి. కొత్త డ్రైవర్‌ను తొలగించమని ఒక లైను కొట్టాడు. బ్లాక్‌లిస్టు ఫైలు తెరిచి పాతదాని పేరు కొట్టేశాడు. అది పోయిందో లేదో తిరుపతి దగ్గరుండి చూసి, "ఇంకోపారి చూపియ్యుండ్రి" అని మళ్ళీ తెరిపించి రూఢి చేసుకున్నాడు. కంప్యూటర్ ఆగింది. మళ్ళీ మొదలైంది.

తెర నల్లగా ఉంది. పై మూలన గీత ఒకసారి మిణుకుమంది, రెండోసారి మిణుకుమంది. తర్వాత టింగుమని గంట మోగి, నీలాకాశం, పచ్చటి కొండ, కింద చక్రపాణి, అమల ఊటీలో దిగిన ఫోటో, అన్నీ తెర నిండా పరుచుకున్నాయి.

ఇల్లు అదిరిపోయేలా ఈలలు పడ్డాయి. భిక్షపతి చక్రపాణిని కౌగిలించుకున్నాడు. అండాలమ్మ కళ్ళు తుడుచుకుంది. ఎందుకో ఆమెకే తెలియదు. దాదాపు ఐదు గంటలుగా తన ప్రతాపానికి లొంగని యంత్రం ఒక్క నినాదానికి లేచి కూర్చోవడం చూసి చక్రపాణి తెల్లబోయాడు. తిరుపతి అప్పటికే కిందికి దిగి కెమెరా ముందు నిలబడి ఉన్నాడు.

"మా ఐక్యత చూసి మేనేజ్‌మెంట్ దిగొచ్చింది. కొత్త డ్రైవర్‌ను తీసేసిన్రు. పాత డ్రైవర్‌ను డ్యూటీలకు తీస్కున్నరు. కర్నల్ గూడ ఒప్పుకున్నడు!"

లచ్చయ్య అతని పక్కనే నిలబడి విజయ సంకేతం చూపించాడు. లైసెన్సు కవరు చొక్కా లోపల దాచుకున్నాడు. షాపు నుంచి సీడీ ఆ రోజు రాలేదు. ఇంతవరకూ రాలేదు.

సాయంత్రం ఫోన్‌కు ఛార్జింగ్ పెట్టాక సంధ్యారాణి పొద్దున పంపిన మెసేజ్ కనిపించింది. "కొత్తది తీసేసి పాత డ్రైవరే పెట్టుకొమ్మని చెప్పుండ్రి సార్ ఆయనకు. పది నిమిషాల పని." చక్రపాణి దాన్ని రెండుసార్లు చదివాడు. ఆ రోజు ఆయన పూర్తిగా చదివిన మొదటి వాక్యం అదే. బాగా ఆలోచించి జవాబు రాశాడు. "కరెక్ట్. పరీక్ష పాసయ్యావు."

సోమవారం డెమోలో ఘనం తిరగలేదు. పాత డ్రైవర్‌కు అంత సత్తువ లేదు. కానీ చక్రపాణి నల్లతెర ఎలా వస్తుందో, దాన్ని ఎలా పోగొట్టాలో గంటసేపు చెప్పాడు. అదంతా విద్యార్థుల కోసమే తాను కావాలని పాడుచేసి బాగుచేసినట్టు చెప్పాడు. పదకొండు మంది చేరారు. ప్రసన్నకుమార్ స్పోకెన్ ఇంగ్లీషును పక్క గదిలోకి మార్చి, కారు డ్రైవరు సంగతి ఏమైందని అడిగాడు.

నలభై రెండు రోజులు సాగిన ఆ సమ్మెలో, అడిగిన అరగంటలో బేషరతుగా నెరవేరిన డిమాండు అదొక్కటేనని భిక్షపతి ఇప్పటికీ చెబుతుంటాడు.